శుక్రవారం గొంతు

మా అమ్మాయి చదివే బడిలో ఒక శనివారం తల్లిదండ్రులను పిలిచారు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆత్మనిగ్రహంలో శిక్షణ ఇస్తున్నారు, అదెలా ఉంటుందో మాకూ చూపిస్తారట. కరీంనగర్‌లో ఇప్పుడు పిల్లలకు నేర్పని విద్య లేదు కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోకుండానే వెళ్ళాను. హాల్లో తెర మీద బొమ్మలు పడుతున్నాయి. మేక కనబడితే చేతిలో ఉన్న మీట నొక్కాలి, పులి కనబడితే నొక్కకూడదు. మేకలే ఎక్కువ వస్తాయి. వేలు ఆ ఊపుకు అలవాటు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే పులి వస్తుంది. నొక్కబోయిన వేలిని ఆపుకోవడమే ఆట.

పిల్లలు ఆడాక సరదాకు పెద్దలనూ ఆడమన్నారు. ఒక్క పులికి కూడా నొక్కనిదాన్ని నేనొక్కదాన్నే తేలాను. శిక్షణ ఇచ్చే ఆయన నన్ను లేపి నిలబెట్టి, "మేడమ్‌కు ఇది పుట్టుకతోనే వచ్చినట్టుంది" అని చప్పట్లు కొట్టించాడు. మా అమ్మాయి మాత్రం పులులన్నింటికీ నొక్కింది. నొక్కిన ప్రతిసారీ "అయ్యో!" అని కేక పెట్టి పక్క పిల్లల ఆట కూడా చెడగొట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. పట్టుబట్టి ఆ శిక్షణలో చేర్పించింది నేనే. ఇంట్లో తలుపులు ధడాలుమనిపిస్తుంది, క్లాసులో టీచరు ప్రశ్న పూర్తి కాకముందే జవాబు అరుస్తుంది. కోపమైనా నవ్వైనా దాని మొహంలో దాగదు. పద్నాలుగేళ్ళ పిల్లకు ఇంత దూకుడు ఏమిటని నా బాధ.

తర్వాత ఆయన మెదడు గురించి చెప్పాడు. నేను జీవశాస్త్రం చెప్పే టీచర్ని, ఆ పాఠం ఏటా నేనూ చెబుతాను. నుదుటి వెనకాల ఉండే భాగం అన్నింటికన్నా ఆలస్యంగా పక్వానికి వస్తుంది. ఈ వయసులో మెదడు వాడుతున్న దారులను గట్టి చేసుకుంటుంది, వాడని దారులను వదిలించుకుంటుంది. సాధన చేసిన పిల్లలు ఆటలో మెరుగవుతారనీ, అది రోజువారీ బతుకులోకి ఎంతవరకు వస్తుందన్నది తెలిసినవాళ్ళే ఇంకా వాదించుకుంటున్నారనీ ఆయన నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఆ మాటకు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. చెయ్యెత్తి అడిగాను. "ఆపుకోవడం నేర్పుతున్నారు, బాగుంది. తర్వాత ఎప్పుడైనా దాన్ని వదిలేయాలంటే ఎట్లా? అది కూడా నేర్పుతారా?" ఆయన "చాలా మంచి ప్రశ్న మేడమ్" అని తర్వాతి బొమ్మకు వెళ్ళిపోయాడు.

నాది పుట్టుకతో వచ్చిన విద్య కాదు. మా అవ్వ నేర్పింది.

మాది సుల్తానాబాద్. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం, బాపు తల్లిని బాపమ్మ అంటాం. నాకు పన్నెండేళ్ళు నిండాక బాపు మస్కట్ పోయి భవనాలు కట్టే పనిలో చేరాడు. ఇంట్లో అవ్వ, బాపమ్మ, నేను, తమ్ముడు మిగిలాం. మా ఇంట్లో ఫోను లేదు. వీధి చివర బట్టల దుకాణం వాళ్ళింట్లో ఉండేది. మస్కట్‌లో సెలవు శుక్రవారం గనక, ఆ రోజు పగటి భోజనాల వేళకు బాపు వాళ్ళ నంబరుకు చేసేవాడు. మేం ముందే పోయి వాళ్ళ వరండాలో చాప మీద కూర్చునేవాళ్ళం. మాలాగే గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్ళవాళ్ళు ఇంకొందరు తమ ఫోన్ల కోసం వచ్చి కూర్చునేవాళ్ళు. ఎవరి కష్టసుఖాలైనా అందరూ వినవలసిందే.

మొదటి శుక్రవారం, ఫోనులో "బిడ్డా" అని వినబడగానే నేను గొల్లుమన్నాను. తమ్ముడు అందుకున్నాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. అవతల బాపు కూడా ఏడ్చాడు. ఆ ఏడుపుల్లోనే లైను తెగిపోయింది. ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

కొన్నాళ్ళకు, బాపు ఉండే గదిలోనే ఉండే మనిషొకాయన సెలవు మీద ఊరికి వస్తూ మా ఇంటికి వచ్చాడు. చాయ్ తాగుతూ, చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు నసిగి, చివరికి చెప్పాడు.

"వదినా, మీరు ఫోన్ల ఏడువకుండ్రి. మీతోని మాట్లాడిన తెల్లారి అన్న పని మీద ఉండి పరాకు వడ్డడు. గోడకు కట్టిన కట్టెల మీదికెళ్లి కాలు జారింది. నేను చెయ్యి అందుకున్న గాబట్టి ఆగిండు."

 ఆయన పోయాక అవ్వ చాలాసేపు గోడకు ఒరిగి కూర్చుంది. నేనూ తమ్ముడూ కూడా కదల్లేదు. మేం ఏడిస్తే బాపు చచ్చిపోతాడని ఆ రోజు నాకు అర్థమైంది. దాన్ని ఇంకోలా అర్థం చేసుకునే వయసు నాకు లేదు.

ఆ గురువారం సాయంత్రమే శిక్షణ మొదలైంది. అవ్వ సంచిలో నుంచి ఎండిన మక్క గింజ, అంటే మొక్కజొన్న గింజ, ఒకటి తీసి నాకిచ్చి దవడకు పెట్టుకోమంది. తను మావైపు వీపు పెట్టి కూర్చుని, గొంతు లావు చేసి, బాపులాగా మాట్లాడేది.

"ఎట్లున్నవ్ బిడ్డా? నేను యాదికొస్తున్ననా?"

"మంచిగున్న బాపూ. నువ్వెట్లున్నవ్?"

గొంతు పట్టేసినా, గింజ జారి కింద పడినా మళ్ళీ మొదటినుంచి. "నీ పానమంత గా గింజ మీద వెట్టు, బాపు మీద వెట్టకు" అనేది అవ్వ. నాకు కుదిరిందనుకోగానే ఇంకా కష్టమైనవి అడిగేది. "తమ్ముడు నన్ను మర్చిపోయిండా? మీ అవ్వ అన్నం తింటుందా?" అని బాపు గొంతుతో అడుగుతుంటే నాకు వీపు మాత్రమే కనబడేది. ఆ వీపు ఒక్కోసారి వణికేది. అయినా ప్రశ్న ఆగేది కాదు. చదువు రాని మా అవ్వకు ఈ ఉపాయం ఎక్కడ దొరికిందో ఇప్పటికీ తెలియదు.

తమ్ముడికి ఈ విద్య అబ్బలేదు. నవ్వి గింజను ఉమ్మేసేవాడు, లేకపోతే మింగేసేవాడు. వాడికి మక్కలు మొలుస్తాయని బాపమ్మ ఆటపట్టించేది. నాకు మాత్రం తొందరగానే వచ్చేసింది. కొన్ని శుక్రవారాలు గడిచేసరికి గింజ అవసరం లేకుండా పోయింది. ఫోను చేతికి రాగానే లోపల ఏదో దానంతట అదే మూసుకునేది, గొంతు తేటగా, ఉల్లాసంగా వచ్చేది. వరండాలో కూర్చున్న ఆడవాళ్ళు "పోరి ఎంత మంచిగ మాట్లాడ్తుంది" అనేవాళ్ళు. నాకు చాలా గర్వంగా ఉండేది. బడిలో బెత్తం దెబ్బ తిన్నా, కాల్లో ముల్లు దిగినా అదే పని చేయసాగింది. ఆపాలని నేను అనుకునే లోపే ఆగిపోయేది.

మరుసటి ఏడు వరికోతలప్పుడు బాపమ్మకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఒక తెల్లవారుజామున అవ్వ లేపబోతే లేవలేదు. బాపు తమ్ముడు, మా చిన్నబాపు, తలకొరివి పెట్టాడు. ఆ రోజు నేను ఏడ్చానా అంటే గుర్తు లేదు. ఏడ్చి ఉంటే గుర్తుండేది.

దినాలు కాకముందే పెద్దలు కూర్చున్నారు. చిన్నబాపు చెప్పింది అందరికీ సబబుగానే తోచింది. "ఇప్పుడు చెప్తే అన్న అన్ని ఇడిసిపెట్టి వస్తడు. మళ్ళ పోనియ్యరు. రాకుంటే సుత ఆడ పని మీద సోయి తప్పి తిరుగుతడు. సెలవు మీద వచ్చినంక చెప్దాం." మా వైపు ఇది కొత్తేమీ కాదు. గల్ఫ్‌లో ఉన్నవాడికి ఇంటి చావు ఇంటికి వచ్చాకే తెలిసిన ఇళ్ళు ఆ వీధిలోనే ఉన్నాయి. బాపమ్మ బోథ్‌లో ఉన్న మా మేనత్త ఇంటికి పోయిందని చెబుదామనుకున్నారు. బోథ్ దూరం, మరాఠీ సరిహద్దు దగ్గర; అత్త వాళ్ళింటి చుట్టుపక్కల ఫోను లేదు. పైగా ప్రతి చలికాలం పత్తి ఏరేటప్పుడు, పిల్లల్ని పట్టుకోవడానికి ఆమె బోథ్ పోవడం అలవాటే.

"మరి ఎవలు మాట్లాడ్తరు?" అన్నాడు చిన్నబాపు. అవ్వ వల్ల కాదు. తమ్ముడి సంగతి అందరికీ తెలుసు. అందరూ నావైపు చూశారు.

ఆ శుక్రవారం బాపు మామూలుగానే అడిగాడు. "బాపమ్మ ఏది బిడ్డా?"

"బోథ్ పోయింది బాపూ, అత్తోల్లింటికి."

"ఎప్పుడొస్తదట?"

"పత్తి అయినంక వస్తనన్నది."

అంతే. ఎంత సులువుగా అయిపోయిందంటే నాకే ఆశ్చర్యమేసింది. కానీ బాపు మరుసటి శుక్రవారం మళ్ళీ అడిగాడు. అక్కడేం చేస్తుంది, కాళ్ళ నొప్పులు తగ్గాయా, ఎవరైనా వచ్చి చెప్పారా అని. జవాబులు కావాలి గనక నేను వారమంతా ఆలోచించి పెట్టుకునేదాన్ని. బాపమ్మ అరుగు మీద ఎండకు కూర్చుంటుందని చెప్పాను. జొన్నరొట్టె బాగా తింటుందన్నాను. పక్కింటి మరాఠీ పిల్లలు ఆమెను తమ నానమ్మలాగే "ఆజీ" అని పిలుస్తున్నారట, ఆమె కూడా వాళ్ళ మాటలు నాలుగు నేర్చుకుందట, కోళ్ళను మరాఠీలో తిడుతోందట. బాపు అటువైపు పకపకా నవ్వాడు. ఆయన అట్లా నవ్వడం విని చాలా రోజులైంది. చలి ఎట్లా ఉందని అడిగితే, "బోథ్‌ల చలి ఎక్కువ బాపూ, అత్త కుంపటి వెడ్తుంది" అన్నాను.

ఇది చెప్పడం కష్టం, అయినా చెబుతాను. నేను అబద్ధం ఆడుతున్నానని నాకు అనిపించేది కాదు. గురువారానికల్లా బాపమ్మ అక్కడ నిజంగా ఉండేది. ఆమె దగ్గు వినబడేది, చీర అంచు దుమ్ములో ఈడ్చుకుపోవడం కనబడేది. మా ఇంట్లో ఆమె మంచం ఎత్తి పక్కకు పెట్టేశారు, దాని జాగా ఖాళీగా ఉండేది, నాకది పట్టేది కాదు. ఆమె బోథ్‌లో ఉంది కదా. ఆమె కోసం ఏడవలసిన నెలలన్నీ నేను ఆమెను పోషిస్తూ గడిపాను.

ఎండలు ముదిరాక బాపు సెలవు మీద వచ్చాడు. ఫలానా రోజు వస్తానని చెప్పలేదు, మమ్మల్ని సంబరపెడదామనుకున్నాడు. హైదరాబాద్‌లో విమానం దిగి మా ఇంటికి రాలేదు. ముందు తల్లిని తీసుకుని ఇద్దరూ కలిసి ఇంటికి రావచ్చునని నిర్మల్ మీదుగా బస్సులో నేరుగా బోథ్ పోయాడు. పత్తి అయిపోయినా ఆమె ఇంకా అక్కడే ఉందని నేనే చెప్పి ఉన్నాను.

మరునాడు పగలు మా వాకిట్లోకి గుండు చేయించుకున్న మనిషి ఒకడు వచ్చి నిలబడ్డాడు. భుజం మీద పెద్ద కంబళి, జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో. ఒక్క క్షణం నేను గుర్తుపట్టలేదు. అవ్వ ముందు గుండును చూసింది, తర్వాత కంబళిని చూసింది, వాకిట్లోనే కూలబడి శోకం పెట్టింది. ఆ మండుటెండల్లో అంత బరువు కంబళి ఎందుకు తెచ్చాడో నాకు ఒక్కదానికే తెలుసు.

బాపు అవ్వను ఓదార్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. మంచినీళ్ళు తాగాడు. అప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"అరుగు మీద కూసుంటదంటివి గద బిడ్డా. పోంగనే నేను గా అరుగే చూసిన" అన్నాడు. తర్వాత తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "నీ గొంతు జర సుత వణకలే."

ఒక దెబ్బ వేసినా బాగుండేది. అవ్వ ఏడుస్తోంది, తమ్ముడు ఏడుస్తున్నాడు, వీధి వీధంతా వచ్చి ఏడుస్తోంది. నేను గింజ లేని దవడను నాలుకతో తడుముకుంటూ నిలబడ్డాను. ఏడవాలని ఎంతగానో ఉంది. రాలేదు.

బాపు తిరిగి మస్కట్ పోయాడు. మా మీద కోపం పెట్టుకోలేదు, చిన్నబాపుతో కూడా మామూలుగానే ఉన్నాడు. కానీ శుక్రవారం ఫోనులో ఒక తేడా వచ్చింది. నేను ఏది చెప్పినా ఓపిగ్గా విని, "తమ్మునికియ్యి" అనేవాడు. మళ్ళీ అవే ప్రశ్నలు వాణ్ణి అడిగేవాడు. అవ్వ పానం మంచిగుందా, నిజంగనే తింటుందా. పదో తరగతిలో నాకు ఫస్టు క్లాసు వచ్చిందని నేను చెబితే కూడా "సంబురం బిడ్డా, తమ్మునికియ్యి" అన్నాడు. వరండాలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వస్తుంటే దారంతా నాకు బాపు మీద పిచ్చి కోపం. ఆ కోపం కూడా ఎవరికీ కనబడలేదు.

నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు వీడియో తీసే అతను నా మొహం మీదే కెమెరా పెట్టి చాలాసేపు ఎదురుచూసి, చివరికి విసుగొచ్చి మా అత్తగారి మీదికి తిప్పుకున్నాడు. "ఎంత గట్టి గుండెనే తల్లీ" అన్నారు ఆడవాళ్ళు. నాతో పేకాట ఆడటం దండగ అంటాడు మా ఆయన. అమ్మాయి పుట్టినప్పుడు, నొప్పుల్లో నేను అరవకపోయేసరికి నర్సులు చాలాసేపు పట్టించుకోనేలేదు. ఇవన్నీ నవ్వుతూ చెప్పుకుంటాను, అందరూ నవ్వుతారు. కానీ మా మేనత్త కూతురి పెళ్ళికి బోథ్ పోయినప్పుడు నవ్వు రాలేదు. పందిట్లో అందరూ హడావిడిగా ఉన్నారు, నేను అరుగు వైపు చూడకుండా ఉండలేకపోయాను. ఎవరో ముసలామె వీపు తిప్పి కూర్చుని ఉంది. ఆమె ఇటు తిరిగేదాకా నాకు ఊపిరాడలేదు. తిరిగింది, ఎవరో పెళ్ళివారి మనిషి. బాపమ్మ సుల్తానాబాద్‌లో నాకు ఎప్పుడూ కనబడదు. బోథ్ పేరు ఏ బస్సు మీద చూసినా ఆమె అందులో ఉన్నట్టుంటుంది.

బడిలో ఆ పులుల ఆట అయిన కొన్నాళ్ళకు బాపు మెడ మీద గడ్డ లేచింది. మస్కట్ నుంచి వచ్చేసి చాలా ఏళ్ళయింది, అవ్వతో సుల్తానాబాద్‌లోనే ఉంటున్నాడు. ఇప్పుడు తమ్ముడు గల్ఫ్‌లో ఉన్నాడు. గడ్డ పెరుగుతోంది, మనిషి తగ్గుతున్నాడు, సాయంత్రాలు జ్వరం. కరీంనగర్ తీసుకొచ్చి దవాఖానలో చేర్పించాను. గడ్డలో నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ కొద్ది రోజులూ మేమెవరమూ ఆ జబ్బు పేరు నోటితో అనలేదు. బాపు కూడా అడగలేదు. తమ్ముడు వీడియో కాల్ చేస్తే మెడకు తువ్వాలు చుట్టుకుని "నాకేమైంది, మంచిగున్న" అనేవాడు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచారు. క్యాన్సర్ కాదు. టీబీ గడ్డ. ఊపిరితిత్తుల్లోనే కాదు, మెడలో కూడా వస్తుంది. కొన్ని నెలలు మానకుండా మందులు వేసుకుంటే తగ్గిపోతుంది. మానితే మాత్రం ప్రమాదం. బయటికి వచ్చి గోడను పట్టుకుని నిలబడ్డాను. అంత సంతోషం నా జన్మలో ఎరగను. వార్డులోకి పోయి ముందు అవ్వకు చెప్పాను, ఆమె భోరున ఏడ్చింది. తర్వాత బాపు మంచం మీద కూర్చుని అన్నీ విడమరిచి చెప్పాను.

బాపు ఏడుస్తున్న అవ్వను చూశాడు. నన్ను చూశాడు.

"దగ్గు లేదు, దమ్ము లేదు. టీబీ ఎక్కడిది బిడ్డా?"

"మెడల సుత వస్తది బాపూ. నేను పిల్లలకు చెప్పే పాఠమే. గోలీలు వేసుకుంటే తగ్గుతది."

ఆయన నా చేతి మీద చెయ్యి వేశాడు. చాలా ప్రేమగా అన్నాడు. "తగ్గుతది, తగ్గుతది. మీ బాపమ్మ సుత బోథ్‌ల మంచిగనే ఉండె."

 బాపు ఆ మాట ఎగతాళికి అనలేదు. నన్ను ఓదార్చడానికి అన్నాడు, తనకు తెలుసని, నేను కష్టపడనక్కర్లేదని. ఇక ఆయన మందు ముట్టలేదు. ఇంటికి పోదాం, ఉన్నన్ని రోజులు ఇంట్ల ఉంట అన్నాడు. డాక్టరుగారే వచ్చి చెప్పారు. పక్క మంచం ముసలాయనకు నిజం చెప్పొద్దని ఆయన కొడుకులు అదే డాక్టరును బతిమాలడం బాపు కళ్ళారా చూసి ఉన్నాడు. "మీరు చెప్పమన్నట్టు చెప్పిండు పాపం" అన్నాడు. తమ్ముడు ఫోనులో ఎంత మొత్తుకున్నా "ఆడ ఉన్నోనికి మీరు నిజమెందుకు చెప్తరు" అని కొట్టిపారేశాడు. ఆ ఒక్కటీ ఆయన సరిగ్గానే అన్నాడు, నేను తమ్ముడికి ముందు నుంచీ అన్నీ చెప్పలేదు.

రెండు రోజులు బతిమాలాను. మెట్ల దగ్గర ఎవరూ లేని చోట నిలబడి గొంతు వణికించి చూశాను. నవ్వకండి. నా బాపు బతుకుతాడన్న మాట వణుకుతూ చెప్పగలిగితే ఆయన నమ్ముతాడనుకున్నాను. నాటకాల్లో ఏడుపు మొహం పెట్టినట్టు వచ్చింది తప్ప నిజంగా రాలేదు. ఆ పన్నెండేళ్ళ వయసులో నాలో ఏది ఆపేశారో దాన్ని ఎక్కడ పట్టుకుని లాగాలో నాకు తెలియలేదు. నిజం చెబుతున్నాను, నా ముందర మా బాపు చనిపోవడానికి సిద్ధమవుతున్నాడు, నా గొంతు వార్తలు చదువుతున్నట్టుంది.

ఆదివారం మా ఆయన అమ్మాయిని తీసుకొచ్చాడు. పరీక్షలని అప్పటిదాకా దానికి ఏమీ చెప్పలేదు, తాతకు బాగాలేదని మాత్రమే తెలుసు. వరండాలో నన్ను చూడగానే అడిగింది. "అమ్మా, తాతకు క్యాన్సరా?" ఆ మాట మా ఇంట్లో నోటితో అన్నది అదొక్కతే. కాదన్నాను. టీబీ, మందులతో తగ్గుతుంది, కానీ తాత నమ్మడం లేదు, మందు వేసుకోవడం లేదు అన్నాను. అది నా మొహంలోకి ఒక్కసారి చూసి, ఇంకేమీ అడగకుండా, చెప్పులు కూడా విప్పకుండా వార్డులోకి పరుగెత్తింది. నర్సు అరుస్తూనే ఉంది.

నేను వెళ్ళేసరికి అది బాపు మంచమెక్కి ఆయన ఛాతీ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడుస్తోంది. మధ్యలో నవ్వుతోంది. ముక్కు కారుతోంది. "తాతా, నువ్వు సచ్చిపోతవేమో అనుకున్న! నాకు ఎవ్వరు ఏం చెప్పలే! నువ్వు సావవట తాతా, ఉట్టి టీబీయేనట! గోలీలు వేసుకోవా? ఎందుకు వేసుకోవు? పిచ్చా నీకు?" అని ఆయన భుజాన్ని గుద్దుతోంది. వార్డంతా లేచి చూస్తోంది. పక్క మంచం కొడుకులు సిగ్గుపడి అటు తిరిగారు.

బాపు దాని మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. చూస్తుండగానే ఆయన మొహం మారింది. ఇంతకాలం బిగబట్టింది ఏదో వదిలేసినట్టు భుజాలు కిందికి జారాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నిజమేనా బిడ్డా? నేను బతుకుతనా?"

"మరి! అమ్మ చెప్పలేదా నీకు?"

బాపు నావైపు చెయ్యి చాపాడు. "గోలీలు ఏవి, తే" అన్నాడు. నేను నీళ్ళు అందించాను. ఒక్కొక్కటే మింగాడు. అవ్వ మళ్ళీ ఏడ్చింది, ఈసారి బాపు ఆమెను చూసి నవ్వాడు.

పిల్లను పక్కనే కూర్చోబెట్టుకుని దాని బడి కబుర్లు అడిగాడు. అది పులుల ఆట గురించి చెప్పి, అందరికన్నా తక్కువ మార్కులు తనవేనని చెప్పి మళ్ళీ పగలబడి నవ్వింది. బాపు కూడా నవ్వాడు, కళ్ళ నీళ్ళొచ్చేదాకా. నేను కాళ్ళ దగ్గర నిలబడి ఖాళీ గ్లాసు పట్టుకుని వాళ్ళను చూస్తున్నాను. నాకు ఎంత ఆనందంగా ఉందో, ఎంత అసూయగా ఉందో చెప్పలేను. నా బిడ్డ మీదే అసూయ.

పోవడానికి లేచేసరికి బాపు నన్ను దగ్గరికి పిలిచాడు. నా మొహం వైపు జాలిగా చూశాడు. పాపం, రోజూ తిరిగి అలసిపోయింది అనుకున్నాడేమో.

"రేపు దీన్ని తోలియ్యి బిడ్డా" అన్నాడు. "నువ్వు రాకున్నా నడుస్తది."

"సరే బాపూ" అన్నాను.